మైలుతుత్తానికి ఒక సైగ

పోస్టరు మీద మూడు భాషల్లో వేయించాను,
అరబీలో, ఇంగ్లీషులో, అడుగున చిన్నగా హిందీలో:
అందరూ రండి.
సొహార్‌లో అక్టోబరు. సముద్రం మీంచి ఉక్క
ఇంకా వీపుకి అంటుకునే ఉంది.
కెమిస్ట్రీ సొసైటీకి ఆ ఏడు నేనే ప్రెసిడెంటుని,
మెట్‌పల్లి నుంచి వచ్చి నీళ్ళ ట్యాంకరు తోలే
సాయన్న కూతురిని, పదకొండు ఓట్ల మెజారిటీ.
గర్వం ఉండదా మరి, ఉంది.

మొదటి మీటింగుకి కొత్త మైకు తెప్పించాను.
రెండోదానికి ఇంకో స్పీకరు.
మూడోసారికి
మూడో వరసలో కిటికీ పక్క కుర్చీ ఖాళీ.

రయ్యా కూచునేది అందులో.
పలకరిస్తే నవ్వేది. మితభాషి అనుకున్నాను,
నా తెలివి తెల్లారినట్టే ఉంది.
లైబ్రరీ మెట్ల దగ్గర ఆపి, ఎందుకు రాలేదంటే
నా చేతిలో పోస్టరు లాక్కుని, వెనక్కి తిప్పి రాసింది:
"మీ మైకు చాలా బాగుందట.
విన్నవాళ్ళు చెప్పారు."

కమిటీలో పెట్టాను. సైగల దుబాసీ కావాలి,
మస్కట్ నుంచి రావాలి, గంటకి ఇన్ని రియాళ్ళు.
కోశాధికారి జిబిన్ క్యాలిక్యులేటరు తీశాడు:
"ఒక్కరి కోసమా?"
చెడ్డవాడు కాడు. వాడి లెక్కలో ఒకటి ఒకటే.
"పోయినేడు పిజ్జాలకి ఎంతయింది?"
మూలనుంచి జువైరియా.
ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు కాసేపు.
ఆ ప్రశ్న నేను కదా అడగాల్సింది.
కాగితాలు సర్దుతున్నాను.

దుబాసీ నాసిర్ వచ్చాడు.
నీళ్ళలో చేపల్లా కదిలే చేతులు,
టైట్రేషన్ దగ్గరికొచ్చి టక్కున ఆగాయి.
ఈ మాట నా చేతులకి రాదు, అన్నాడు.

ఆ ఆగిపోవడం నాకు తెలుసు.
తొమ్మిదిలో ఇక్కడి బడికొచ్చి
యాసిడ్‌ని ఆమ్లం అన్నాను లేచి నిలబడి.
క్లాసు నవ్విన నవ్వు
ఇప్పటికీ ఎక్కడో ఒలికే ఉంది.

సరే, లేని మాటలు చేసుకుందాం.
గురువారాలు, ల్యాబు మూసేదాకా,
కరక్ చాయ్ చల్లారిపోతుండగా.
ఉత్ప్రేరకానికి రయ్యా పట్టిన సైగ:
రెండు పిడికిళ్ళని దగ్గరికి తోసి
మెల్లగా జారుకునే చూపుడువేలు,
పెళ్ళి కుదిర్చి
భోజనానికైనా ఆగకుండా వెళ్ళిపోయే పిన్నిలాగ.
టైట్రేషన్‌కి బొటనవేలు కొళాయి,
చుక్క, చుక్క, చుక్క,
ఉన్నట్టుండి అరచెయ్యి గులాబీగా విచ్చుకోవడం.

కాపర్ సల్ఫేటు వంతు వచ్చింది.
మీ భాషలో ఏమంటారని రాసి అడిగింది.
మైలుతుత్తం. మా తాత సున్నంతో కలిపి
పసుపు చేనుకి కొట్టేవాడు, గోళ్ళు నీలంగా ఉండేవి.
మయిల్ అంటే అరవంలో నెమలి అనేవాడు.
చాలాసేపు గాజుగిన్నెలోకి చూసింది.
పడమటి కిటికీలోంచి కొండలు చూపించింది,
వెయ్యేళ్ళ నాటి రాగి చిట్టెం ఇంకా నల్లగా పడున్న కొండలు.
పిడికిలి బిగించింది, అది కొండ.
దాని మీంచి అయిదువేళ్ళూ పురి విప్పాయి.

మా తాత చేను, వాళ్ళ కొండ,
ఒక మణికట్టు మీద.

మరుసటేడు ఎన్నికల్లో రయ్యా నిలబడింది.
నాలుగు ఓట్లతో ఓడింది.
ఎందుకో నాకు తెలుసు, తెలిసీ ఇక్కడ రాయను.
గెలిచింది జిబిన్.
మొదటి మీటింగున మైకు ముట్టుకోలేదు,
లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించాడు.
అందరం అటు తిరిగాం.
వాడు పిడికిలి బిగించి వేళ్ళు విప్పబోతే
రయ్యా చేతులు చటుక్కున లేచాయి:
అది నెమలా, ఈకలు పీకిన కోడా?

ముందు మూడు వరసలూ పగలబడి నవ్వాయి.
చివరి వరసలో కొత్తగా చేరిన కుర్రాడు,
చెవులు శుభ్రంగా వినబడేవాడు,
"ఏమంది? ఏమందామె?" అని
అటూ ఇటూ చూస్తున్నాడు.

నా పక్క కుర్చీ మీంచి
బ్యాగు తీశాను.